ఏబీఎస్ దీపం వెలిగితే: కోడు చెప్పేదెంత, చెప్పనిదెంత?

పుదుచ్చేరి బీచ్ రోడ్డుకు చేరువలో ఉండేవారికి సముద్రపు గాలి ఇనుమును ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంత బాగా రంగు వేసినా గేటు అంచుల్లో మళ్లీ ఎర్రటి మరకలు మొదలవుతాయి. అదే గాలి ఇంటి ముందు నిలిపిన పికప్ వాహనం అడుగున కూడా తన పని తాను చేసుకుపోతుంది. కాకపోతే ఆ తుప్పు కంటికి కనిపించదు. ఒకరోజు బండి స్టార్ట్ చేశాక డాష్‌బోర్డు మీద పసుపు రంగు ‘ఏబీఎస్’ దీపం వెలిగి, ఎంతకీ ఆరదు. లోపలి తుప్పు సంగతి చాలాసార్లు బయటపడేది అప్పుడే.

తర్వాత జరిగేది పాత పికప్‌లు నడిపే చాలామందికి తెలిసిందే. మెకానిక్ స్కానర్ పెడతాడు. ‘ఎడమ ముందు చక్రం వేగ సెన్సర్ సర్క్యూట్’ అని కోడు వస్తుంది. సెన్సర్ మారుస్తారు. దీపం ఆరుతుంది. వారం తిరగకముందే మళ్లీ వెలుగుతుంది. ఈసారి ఇంకో సెన్సర్, ఆ తర్వాత ఏబీఎస్ యూనిట్టే మార్చాలన్న మాట. చివరికి విసిగిపోయిన యజమాని, బ్రేకులు పడుతున్నాయి కదా అని దీపాన్ని పట్టించుకోవడం మానేస్తాడు.

ఇక్కడ స్కానర్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది ‘సర్క్యూట్’ అని. విన్నవారు ‘సెన్సర్’ అని అర్థం చేసుకున్నారు. కోడు అంటే కంప్యూటర్‌కు ఏ దారిలో అనుమానం వచ్చిందో చెప్పే చిరునామా మాత్రమే. ఆ చిరునామాలో పాడైన వస్తువు ఏదో కొలిచి తెలుసుకోవాలి. అందుకు కావలసిన భౌతిక శాస్త్రం ఇంటర్మీడియట్ పాఠాలను దాటదు.

పికప్‌కు ఏబీఎస్ ఎందుకు ముఖ్యం?

గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం పూర్తిగా బిగుసుకుపోతే టైరు దొర్లడం మాని రోడ్డు మీద జారుతుంది. జారే టైరుకు పక్కకు పట్టు ఉండదు. స్టీరింగు తిప్పినా బండి తిరగదు. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి వెనుక భాగం పక్కకు కొట్టుకుపోయి గింగిరాలు తిరిగే ప్రమాదం ఉంది. సాధారణ రోడ్డు మీద చక్రం వేగం బండి వేగం కంటే 10 నుంచి 30 శాతం తక్కువగా ఉన్నప్పుడు పట్టు గరిష్ఠంగా ఉంటుంది. చక్రాన్ని ఆ హద్దులో ఉంచడమే యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్, అంటే ఏబీఎస్ పని. నాలుగు చక్రాల వేగాన్నీ గమనిస్తూ, ఏదైనా చక్రం హఠాత్తుగా మందగిస్తే దాని బ్రేకు ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు తగ్గించి పెంచుతుంది.

పికప్ విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. ఉదాహరణకు 1,800 కిలోల ఖాళీ పికప్‌ను తీసుకుందాం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.7 మీటర్లు అనుకుందాం. బండి నిలిచి ఉన్నప్పుడు వెనుక చక్రాల మీద సుమారు 750 కిలోల భారం ఉంటుంది. గురుత్వ త్వరణంలో 0.7 వంతు తీవ్రతతో బ్రేకు వేస్తే దాదాపు 290 కిలోల భారం ముందుకు మారుతుంది. వెనుక మిగిలేది 460 కిలోలే. అదే బండి ట్రేలో టన్ను సరుకు వేస్తే వెనుక చక్రాల మీద భారం కొన్ని రెట్లవుతుంది. ఒకే బ్రేకు ఒత్తిడి ఈ రెండు పరిస్థితులకూ సరిపోదు. బరువున్నప్పుడు చాలీచాలని ఒత్తిడే ఖాళీ బండి వెనుక చక్రాలను బిగించేస్తుంది.

అందుకే పికప్‌లలో ఏబీఎస్ మొదట వెనుక చక్రాలతోనే మొదలైంది. కార్లలో బాష్ సంస్థ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ బెంజ్‌తో మార్కెట్‌లోకి వస్తే, అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కు 1987లో వెనుక చక్రాలకు మాత్రమే పనిచేసే ఏబీఎస్‌ను అమర్చారు. తర్వాత అది నాలుగు చక్రాలకూ విస్తరించింది. ముందు, వెనుక చక్రాల మధ్య ఒత్తిడిని పంచే పని కూడా ఏబీఎస్ యూనిట్‌కే అప్పగించారు. దీనినే ఈబీడీ అంటారు. పాత బండ్లలో ఇదే పనిని వెనుక ఇరుసుకు తగిలించిన ఒక మెకానికల్ వాల్వ్ చేసేది.

మన దేశంలో భారీ ట్రక్కులకు, బస్సులకు 2015 నుంచి, కొత్త కార్లన్నిటికీ, 125 సీసీ మించిన కొత్త ద్విచక్ర వాహనాలకూ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. ఏబీఎస్ ఉన్న పికప్‌లు అంతకుముందే రోడ్డెక్కాయి. తెలుగు నేల మీద శ్రీసిటీలో ఇసుజు పికప్‌ల తయారీ 2016లో మొదలైంది. ఆ తరం బండ్లన్నీ, ఏ కంపెనీవైనా, ఇప్పుడు పాతబండ్ల జాబితాలోకి చేరుతున్నాయి. వాటి మెకానికల్ భాగాలు గట్టివే. ముందుగా వయసు పైబడేది చక్రాల దగ్గరున్న సన్నని తీగలకు, అయస్కాంతాలకు.

చక్రం పక్కన ఒక చిన్న జనరేటర్

పాత పికప్‌లలో చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ నిర్మాణం చాలా సరళం. ఒక శాశ్వత అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. ఎదురుగా చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ల రింగు. రెండింటి మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ. పన్ను ఎదురుగా వచ్చినప్పుడు అయస్కాంత అభివాహం పెరుగుతుంది, సందు వచ్చినప్పుడు తగ్గుతుంది. ఫారడే నియమం ప్రకారం ఆ మార్పు తీగ చుట్టలో ఓల్టేజీని పుట్టిస్తుంది. దీనికి బయటి నుంచి కరెంటు ఇవ్వనక్కర్లేదు కనుక దీన్ని పాసివ్ సెన్సర్ అంటారు.

రింగుకు 48 పళ్లు, టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుందాం. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు వెళ్తుంటే చక్రం సెకనుకు 4.8 సార్లు తిరుగుతుంది. సెన్సర్ ముందు నుంచి సెకనుకు దాదాపు 230 పళ్లు దాటిపోతాయి. కంప్యూటర్ లెక్కించేది ఆ తరంగాలనే. గంటకు 4 కిలోమీటర్ల వేగానికి తగ్గితే తరంగాల సంఖ్య 25కు పడిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, అభివాహం మారే వేగం తొమ్మిదో వంతుకు తగ్గుతుంది కాబట్టి ఓల్టేజీ కూడా సుమారుగా అంతే తగ్గుతుంది. అంటే బండి ఆగబోయే ముందు ఈ సంకేతం ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది. దానికి తోడు సెన్సర్‌కూ రింగుకూ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు నుంచి రెండుకు పెరిగితే, ఉన్న కాస్త సంకేతమూ చచ్చిపోతుంది.

కొత్త బండ్లలో ఉండే యాక్టివ్ సెన్సర్ వేరు. దానికి కంప్యూటరే విద్యుత్ ఇస్తుంది. పళ్ల రింగుకు బదులు బేరింగు సీలులోనే ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటిగా ఉండే అయస్కాంత పట్టీ ఉంటుంది. ధ్రువం మారినప్పుడల్లా సెన్సర్ తీసుకునే కరెంటు సుమారు 7 మిల్లీ ఆంపియర్ల నుంచి 14కు, మళ్లీ 7కు మారుతుంది. బండి దాదాపు నిలిచే వేగం వరకు సంకేతం బలంగానే ఉంటుంది. అయితే బేరింగు మార్చేటప్పుడు దాన్ని తిరగేసి బిగిస్తే అయస్కాంత పట్టీ అవతలి వైపుకు పోతుంది. సెన్సర్ కొత్తదే అయినా సంకేతం రాదు.

వాన పడకపోయినా తడి

తుప్పు పట్టడానికి ఇనుము, ఆక్సిజన్, నీరు చాలు. ఉప్పు ఆ పనిని వేగిరం చేస్తుంది. సముద్రపు అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర ఆరి ఉప్పు కణాలుగా గాలిలో కలుస్తుంది. వాటిలో పెద్ద కణాలు తీరం నుంచి కొన్ని వందల మీటర్లలోనే కిందికి దిగిపోతాయి. పుదుచ్చేరి పాత పట్టణం మొత్తం తీరాన్ని ఆనుకునే ఉంది.

గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ తనంతట తానే తేమను పీల్చుకుని ద్రావణంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. కోరమాండల్ తీరంలో ఉదయం వేళల్లో తేమ ఏడాదిలో చాలా రోజులు 75 శాతం మించే ఉంటుంది. కాబట్టి చినుకు పడకపోయినా బండి అడుగున ఉప్పు పొర తడిగానే ఉంటుంది. ఆ పలుచని ద్రావణం విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. క్లోరైడ్ అయాన్లు లోహం పైన ఉండే రక్షణ పొరను ఛేదిస్తాయి. చేపల రేవు నుంచి ఐసు పెట్టెలు మోసే పికప్‌లకు ట్రే నుంచి కారే ఉప్పునీరు అదనం.

దక్షిణాదిన ఈ సమస్య మీద దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. తమిళనాడులోని కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సీఎస్ఐఆర్-సెక్రి, దేశంలో వివిధ ప్రాంతాల్లో లోహాలు ఎంత వేగంగా తుప్పు పడతాయో కొలిచి పటాలు రూపొందించింది. ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం వాతావరణాలను తుప్పు తీవ్రతను బట్టి సి1 నుంచి సి5 వరకు, దానికి మించినదాన్ని సిఎక్స్‌గా వర్గీకరిస్తుంది. ఉప్పుగాలి తగిలే తీరాలు ఈ వరుసలో పై మెట్లలో ఉంటాయి.

ఏబీఎస్‌కు సంబంధించినంతవరకు తుప్పుకున్న అసలైన దుర్గుణం దాని పరిమాణం. పోయిన ఇనుము కంటే వచ్చిన తుప్పు రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. సెన్సర్ కూర్చునే హబ్ ఉపరితలం మీద తుప్పు పెరిగితే అది సెన్సర్‌ను మెల్లగా పైకి లేపుతుంది. పళ్ల రింగు కింద పెరిగితే రింగు పగులుతుంది. కప్లర్ లోపల పిన్నుల మీద చేరితే నిరోధం పెరుగుతుంది. తీగ తొడుగు చిట్లిన చోట నుంచి ఉప్పునీరు లోపలికి పాకి రాగిని పచ్చగా, నల్లగా మార్చి పొడి చేస్తుంది. పైకి తీగ నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

దీపం కూడా వెలగని లోపం

ఉప్పు ఇలా సెన్సర్‌ను పైకి లేపితే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడి ఉప్పు సముద్రానిది కాదు. చలికాలంలో మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లేది. 2005లో జనరల్ మోటార్స్ సంస్థ 1999 నుంచి 2002 వరకు తయారైన సుమారు 8 లక్షల పికప్‌లు, ఎస్‌యూవీలను వెనక్కి పిలిపించింది. ఈ పిలుపు వర్తించింది రోడ్లకు ఉప్పు ఎక్కువగా వాడే రాష్ట్రాలకే. ముందు హబ్‌ల మీద సెన్సర్ కూర్చునే చోట తుప్పు చేరి, సెన్సర్‌కూ రింగుకూ మధ్య ఖాళీ పెరగడమే కారణం.

ఆ బండ్లలో జరిగిందేమిటంటే, డ్రైవరు నెమ్మదిగా బ్రేకు వేసి ఆగబోతుంటాడు. వేగం బాగా తగ్గేసరికి తుప్పు పట్టిన చక్రం సంకేతం మిగతా వాటికంటే ముందే మాయమవుతుంది. మూడు చక్రాలు తిరుగుతున్నాయి, ఒకటి ఆగిపోయింది అని కంప్యూటర్ భావిస్తుంది. అంటే ఆ చక్రం బిగుసుకుందన్నమాట! వెంటనే దాని బ్రేకు ఒత్తిడి తగ్గిస్తుంది. పొడి రోడ్డు మీద, ఆగడానికి రెండు మూడు మీటర్ల ముందు, పెడల్ కింద గరగరమని అదురు పుట్టి బండి ఇంకాస్త ముందుకు పోతుంది. కంప్యూటర్ దృష్టిలో ఇది లోపం కాదు, తన విధి. అందుకే చాలాసార్లు దీపమూ వెలగదు, కోడూ నమోదు కాదు.

పరిష్కారంగా సెన్సర్ కూర్చునే చోటును శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా పూత పూశారు. సంకేతం సరిగా లేని సెన్సర్లను మాత్రమే మార్చారు. తీరప్రాంతాల్లోని మెకానిక్‌లకు ఇందులో ఒక పాఠం ఉంది. తుప్పును గోకకుండా దాని మీదే కొత్త సెన్సర్‌ను బిగిస్తే ఖాళీ అలాగే ఉంటుంది, లోపమూ అలాగే ఉంటుంది.

కోడు భాష

ఇప్పటి వాహనాల్లో కోడు ఒక అక్షరం, నాలుగు అంకెలు లేదా అక్షరాలతో ఉంటుంది. పి అంటే ఇంజిన్, గేరుబాక్సు. బి అంటే బాడీ. సి అంటే బ్రేకులు, స్టీరింగు వంటి ఛాసిస్ భాగాలు. యు అంటే కంప్యూటర్ల మధ్య సమాచార మార్గం. సి0035 అంటే ఎడమ ముందు చక్రం సెన్సర్ సర్క్యూట్, సి0040 కుడి ముందు, సి0045 ఎడమ వెనుక, సి0050 కుడి వెనుక. సి0110 పంపు మోటారు సర్క్యూట్. యు0121 అంటే మిగతా కంప్యూటర్లకు ఏబీఎస్ యూనిట్ నుంచి జవాబు రావడం లేదని అర్థం. సి1తో మొదలయ్యే కోడ్లకు అర్థం కంపెనీని బట్టి మారుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో తేలికపాటి వాహనాలకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ తప్పనిసరి అయ్యాయి. అయితే ఆ నిబంధన ఉద్దేశం పొగ కాలుష్య నియంత్రణ. అందుకే ఫోనుకు జతచేసే చవక స్కానర్లు చాలావరకు పి కోడ్లనే చదువుతాయి. ‘కోడ్లేమీ లేవు’ అని అవి చూపినంత మాత్రాన ఏబీఎస్‌లో లోపం లేదని కాదు. ఏబీఎస్ యూనిట్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి.

ఇంకా పాత బండ్లలో స్కానర్ అవసరమే లేదు. ఉదాహరణకు పాత టయోటాల్లో డయాగ్నస్టిక్ కప్లర్‌లో టీసీ, ఇ1 అనే రెండు పిన్నులను చిన్న తీగతో కలిపి తాళంచెవి తిప్పితే ఏబీఎస్ దీపమే మిణుకుతూ కోడు చెబుతుంది. మూడుసార్లు మెరిసి, కాస్త ఆగి, ఒకసారి మెరిస్తే 31. అది కుడి ముందు చక్రం. 32 ఎడమ ముందు, 33 కుడి వెనుక, 34 ఎడమ వెనుక. 41 అంటే బ్యాటరీ ఓల్టేజీ తక్కువని. సి0035 వరుసలో ఎడమ ముందు వస్తే, ఇక్కడ కుడి ముందు వస్తుంది. కాబట్టి ఆ బండి కోడ్ల పట్టిక చూడకుండా చక్రాన్ని విప్పకూడదు.

ఎడమ, కుడి అన్నవి డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నప్పటి లెక్క. బానెట్ ముందు నిలబడితే అవి తారుమారవుతాయి. అమెరికా వీడియోలు చూసి మరమ్మతు చేసేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ ‘డ్రైవరు వైపు’ అంటే ఎడమ. మనకు అది కుడి.

కొలిచి కనుక్కోవడం

కోడు చేతికొచ్చాక విప్పడానికి ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ ఓల్టేజీ, ఫ్యూజులు, బ్రేకు నూనె మట్టం చూడాలి. నాలుగు టైర్లూ ఒకే కొలతవో కాదో చూడాలి. చుట్టుకొలత 5 శాతం తక్కువున్న టైరు 5 శాతం వేగంగా తిరుగుతుంది. కంప్యూటర్‌కు అదొక అనుమానం. నమోదైన కోడ్లన్నీ రాసుకున్న తర్వాతే చెరిపివేయాలి.

తర్వాత స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాన్ని పక్కపక్కన పెట్టి, ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిన్నగా నడపాలి. స్కానర్‌ను చూసే మనిషి పక్క సీట్లో ఉండాలి. ఒక చక్రం వేగం ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంటే తీగ తెగడమో, సెన్సర్ చుట్ట తెగడమో కావచ్చు. వేగం తగ్గించినప్పుడు మిగతా వాటికంటే ముందే సున్నాకు పడిపోతుంటే ఖాళీ పెరిగిందని అనుమానించాలి. గుంతలో పడినప్పుడో, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో తెగిపోతుంటే అది తీగ, కప్లర్ల పని. వానలో వెలిగి ఎండలో ఆరుతుంటే తేమ లీకేజీ.

వేగం అంకెలో ఒక చిన్న తడబాటు క్రమం తప్పకుండా వస్తుంటే ఇంకా ఆసక్తికరం. 20 కిలోమీటర్ల వేగంలో 2.1 మీటర్ల చుట్టుకొలత గల చక్రం సెకనుకు సుమారు 2.6 సార్లు తిరుగుతుంది. తడబాటు కూడా సెకనుకు 2.6 సార్లు వస్తూ, వేగం రెట్టింపైతే తానూ రెట్టింపవుతుంటే, దోషం చక్రంతో పాటు తిరిగే వస్తువులోనే ఉంది. అది పగిలిన పళ్ల రింగు, విరిగిన పన్ను, లేదా అయస్కాంత పట్టీకి ఒకచోట అంటుకున్న ఇనుప రజను. కదలని సెన్సర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఈ లోపం పోదు. చాలా స్కానర్లు అంకెలను నెమ్మదిగా మారుస్తాయి కనుక ఇలాంటి తడబాటును ఆసిలోస్కోప్ మీద చూడటం మేలు.

పాసివ్ సెన్సర్‌ను మల్టీమీటర్‌తో కొలవవచ్చు. చుట్ట నిరోధం సాధారణంగా వెయ్యి ఓమ్‌ల పరిసరాల్లో ఉంటుంది. కచ్చితమైన విలువ బండిని బట్టి మారుతుంది కాబట్టి ఎదుటి చక్రం సెన్సర్‌తో పోల్చడం సులువైన దారి. కొలత చక్రం దగ్గర ఒకసారి, ఏబీఎస్ యూనిట్ కప్లర్ దగ్గర మరోసారి తీసుకోవాలి. రెండూ తేడాగా ఉంటే లోపం మధ్యలోని తీగలో ఉంది. సెన్సర్ తీగకూ బండి బాడీకీ మధ్య నిరోధం దాదాపు అనంతంగా ఉండాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఏసీ ఓల్టేజీ చూస్తే సంకేత బలం తెలుస్తుంది. యాక్టివ్ సెన్సర్ లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది కనుక దాని మీద ఓమ్ మీటరు వాడకూడదు. చక్రం కింద జాకీ ఒక్కటే ఆధారంగా పనిచేయడం ఏ సెన్సర్‌కైనా ప్రాణాపాయమే. స్టాండు తప్పనిసరి.

మీటరుకు దొరకని ఎర్త్ లోపం

ఉప్పుగాలి ఊళ్లలో మోసం చేసే మరో లోపం ఎర్త్. ఏబీఎస్ యూనిట్ కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది ఛాసిస్‌కు బిగించిన ఒక బోల్టు ద్వారా. ఆ బోల్టు కింద తుప్పు చేరి 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. మామూలు మల్టీమీటర్‌కు అది సున్నాలాగే కనిపిస్తుంది. యూనిట్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక ఆంపియర్ తీసుకుంటే పోయే ఓల్టేజీ 0.1 వోల్టు. ఏమీ తెలియదు. కానీ పంపు మోటారు తిరగడం మొదలుపెట్టి 20 ఆంపియర్లు లాగితే పోయేది 2 వోల్టులు. బ్యాటరీ దగ్గర 12.4 ఉన్నా యూనిట్‌కు అందేది 10.4. అది ‘ఓల్టేజీ తక్కువ’ అనో, ‘పంపు మోటారు’ అనో కోడు నమోదు చేస్తుంది.

ఆ కోడు చూసి ఏబీఎస్ యూనిట్టే మార్చేస్తే మొత్తం వ్యవస్థలో అత్యంత ఖరీదైన భాగాన్ని ఊరికే పారేసినట్టు. సరైన పరీక్ష ఓమ్ మీటరుతో కాదు, వోల్టు మీటరుతో. స్కానర్‌తో పంపును తిప్పుతూ, బ్యాటరీ నెగెటివ్‌కూ యూనిట్ ఎర్త్ పిన్నుకూ మధ్య ఓల్టేజీ కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు పరవాలేదు. అర వోల్టు దాటితే బోల్టు విప్పి, ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి పైన గ్రీజు పూయాలి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు పట్టణంలో 24 గంటల్లో 40 సెంటీమీటర్లకు మించిన వాన కురిసింది. వీధుల్లో వాహనాలు నీట మునిగాయి. అలాంటి బండ్లలో కప్లర్ల లోపల, ఎర్త్ బోల్టుల కింద చేరిన తడి వెంటనే కాక నెలల తర్వాత లోపంగా బయటపడవచ్చు. అప్పుడు వరదకూ దీపానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

దీపం వెలిగితే డ్రైవరు ఏం చేయాలి?

పసుపు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. లోపం గుర్తించగానే ఏబీఎస్ తనను తాను ఆపేసుకుని, ఏబీఎస్ లేని బండిలా వదిలేస్తుంది. నెమ్మదిగా, ముందు బండికి ఎక్కువ దూరం పాటిస్తూ షెడ్డుకు చేరవచ్చు. తడి రోడ్డు మీద, ఖాళీ ట్రేతో ఉన్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. దానితో పాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే బండి ఆపేయాలి. బ్రేకు నూనె తగ్గి ఉండవచ్చు, లేదా వెనుక చక్రాల ఒత్తిడిని అదుపు చేసే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండవచ్చు. ఈబీడీ లేని ఖాళీ పికప్‌లో గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయి.

తీరంలో తిరిగే బండ్లకు నివారణ కష్టమేమీ కాదు. వారానికోసారి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగితే ఉప్పు పొర పోతుంది. అయితే ప్రెషర్ పైపును కప్లర్ల మీదకు సూటిగా పెట్టకూడదు. ఈశాన్య రుతుపవనాలు ముగిశాక చక్రాల దగ్గరి కప్లర్లు, ఎర్త్ బోల్టులు ఒకసారి చూపించాలి. బ్రేకు ప్యాడ్లు మార్చే ప్రతిసారీ సెన్సర్ కూర్చునే చోటు కూడా శుభ్రం చేయమని అడగాలి.

పుదుచ్చేరిలోనైనా, యానాం, కాకినాడ, విశాఖల్లోనైనా తీరంలో తిరిగిన పాత పికప్‌ను కొనేవారు ఒక పరీక్ష మరవకూడదు. తాళంచెవిని ఆన్ స్థానానికి తిప్పగానే ఏబీఎస్ దీపం వెలగాలి. స్వయంపరీక్ష ముగిశాక అది దానంతట అదే ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండవచ్చు. ఎప్పుడూ చార్జింగ్ దీపంతో కలిసే వెలిగి, ఇంజిన్ స్టార్ట్ కాగానే దానితో కలిసే ఆరితే రెండింటి తీగలూ ఒకటిగా కలిపి ఉండవచ్చు. అనుమానం వస్తే ఏబీఎస్ యూనిట్‌ను చదవగల స్కానర్ పెట్టించి, నాలుగు చక్రాల వేగం కళ్లారా చూసి, ఆ తర్వాతే బేరం మాట్లాడాలి.